పాత రంపము – న్యాయమైన వెల

‘అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి’ అను సామెత తెలుగునాట ఎల్లరు ఎరిగినదే. అమ్ముకొనువాని చేతిలో ఉన్నపుడు వస్తువు అడవిలో పడియున్న కట్టెవలె విలువలేనిదిగను, కొనదలచి చేయి చాచినంతనే అదియే మండుచున్న కొరివివలె ముట్టరానిదిగను తోచునని దాని భావము. ఈ సామెతలో హాస్యముతోపాటు వేదనయు కలదు. వస్తువు మారలేదు, దానిని పట్టుకొన్న చేయి మాత్రమే మారినది. అట్లయినచో ఒక వస్తువునకు న్యాయమైన వెల యనునది నిజముగా కలదా? లేక ఇద్దరు కూడి ఏది ఒప్పుకొన్న అదియే న్యాయమా?

క్రొత్త వస్తువు విషయమున ఈ ప్రశ్న అంతగా బాధింపదు. దాని వెల పెట్టెమీదనే అచ్చువేయబడి యుండును. నాలుగు అంగళ్లు తిరిగినచో హెచ్చుతగ్గులు తెలిసిపోవును. పాత వస్తువు, అందును మరమ్మతు చేయవలసిన వస్తువు, అట్టిది కాదు. దానికి అచ్చువెల లేదు. దానిని వాడినవానికి తెలిసినంత చూడవచ్చినవానికి తెలియదు. కావుననే పాత పనిముట్టు బేరమున మనుష్యుని నిజాయితీ పరీక్షకు నిలుచును. ఈ విచారణకు చెట్లు కోసే మిషనును ఉదాహరణముగా తీసికొనుట మేలు. ఏలయన అది నేడు పల్లెపల్లెకు వచ్చినది, తరచుగా చేతులు మారుచున్నది.

గ్రంథభాషలో గొలుసు రంపమనదగిన ఈ యంత్రమును జర్మనీ దేశమున ఆండ్రియాస్ స్టీల్ అను ఇంజనీరు 1926లో విద్యుత్తుతోను, 1929లో పెట్రోలుతోను నడుచునట్లు నిర్మించెను. పిమ్మట అమెరికాలోని ఆరిగాన్ రాష్ట్రమున చెట్లు నరకు వృత్తిలోనున్న జోసెఫ్ కాక్స్, మొద్దును తొలుచుచున్న పురుగు దవడలను పరిశీలించి, ఆ పోలికతో గొలుసు పండ్లకు క్రొత్త రూపము నిచ్చెను. నేడు మన కోస్తా జిల్లాలలో సరుగుడు, జామాయిలు, సుబాబులు తోటలు కోతకు వచ్చినపుడు ఈ యంత్రపు రొద వినవచ్చుచుండును. ఇద్దరు మనుష్యులు పొడుగు రంపముతో చెమటోడ్చి లాగవలసిన మొద్దును ఇది కొద్ది నిమిషములలో కోసివేయును. కావున కోతపనివానికి ఇది ఇనుపముక్క కాదు. ఇంటిల్లిపాదిని పోషించు కాడియెద్దు.

ఈ యంత్రమునకు వచ్చు జబ్బులలో రెండింటిని తెలిసికొనిన విషయము సులభమగును. దీని ఇంజను రెండు స్ట్రోకులది. పెట్రోలులో టూటీ ఆయిలు తగుపాళ్లలో కలిపి పోయవలెను. పెక్కు యంత్రములకు లీటరుకు 20 మిల్లీలీటర్లు కొలత. నూనె కలుపక పోసినచో పిస్టను గీతలు పడి చెడును. అట్టి ఇంజను చల్లగా నున్నపుడు ఒక్కొక్కసారి లేచును. వేడెక్కి ఆగినచో మరల లేవక మొరాయించును. దీనిని బాగుచేయుటకు చాల ఖర్చగును. రెండవది ఇట్టిది: ట్యాంకులో పెట్రోలు ఉంచి నెలల తరబడి మూలపడవేసినచో కార్బురేటరులోని పలుచని పొర గట్టిపడి, సన్నని రంధ్రములు పూడుకొనును. అప్పుడును యంత్రము లేవదు. కాని దీనికి శుభ్రము చేయుటయు, చిన్న విడిభాగములు మార్చుటయు చాలును. పైకి రెండును ఒక్కటే. త్రాడు ఎంత లాగినను ఇంజను లేవదు. లోపల ఒకటి గుండెజబ్బు, మరియొకటి జలుబు.

ఇప్పుడు రెండు బేరములను ఊహింపవచ్చును. లెక్క సులభమగుటకు, పనిచేయుచున్న పాత యంత్రము ఆ ఊర 15,000 రూపాయలు పలుకునని అనుకొనవలెను. మొదటి బేరములో అమ్మువాడు కోతపనివాడు. తన యంత్రమున పిస్టను చెడినదని, బాగుచేయుటకు 6,000 రూపాయలగునని అతనికి తెలియును. కొనవచ్చినవాడు ఒక రైతు. యంత్రముల సంగతి ఎరుగడు. అమ్మువాడు చల్లని ఇంజనును ఒక్క లాగుతో లేపి, రెండు నిమిషములు నడిపి, ఆపి, 13,000 అడుగును. అతడు అబద్ధమాడలేదు. ‘మంచిది’ అని కూడ అనలేదు. చూపవలసినది చూపి, చూపరానిది చూపకుండెను.

రెండవ బేరములో అమ్మునది కోతపనివాని భార్య. భర్త గతించి ఆరునెలలైనది. మూలనున్న యంత్రము లేచుటలేదు. అది పాడైపోయినదని ఆమె నమ్మినది. కొనవచ్చినవాడు మెకానిక్కు. త్రాడు లాగిన బిగువును బట్టి, సైలెన్సరు విప్పి లోపల చూచిన చూపును బట్టి పిస్టను నిక్షేపముగా నున్నదని, చెడినది కార్బురేటరు మాత్రమేనని అతడు గ్రహించెను. అయినను పెదవి విరిచి, ‘పాత ఇనుము క్రింద 3,000 ఇత్తునమ్మా’ అనెను. ఆమె సంతోషముగనే ఒప్పుకొన్నది. ఇచ్చట మోసపోయినది ఎవరు? ఇద్దరును ఒప్పుకొన్నారు గదా అని ఒకరు అడుగవచ్చును.

ఈ ప్రశ్న నేటిది కాదు. రోమను తత్త్వవేత్త సిసిరో క్రీ.పూ. 44లో తన కుమారునికై రచించిన ధర్మగ్రంథమున, లోపములున్న ఇంటిని అమ్ముకొనువాని గూర్చి ఇద్దరు పెద్దల వాదము చెప్పబడినది. బాబిలోనియా వాడగు డయోజనీసు, ఊరకుండుట దాచుట కాదనియు, కొనుమని ఎవరును బలవంతపెట్టలేదనియు వాదించెను. అతని శిష్యుడు ఆంటిపేటరు, త్రోవతప్పిన బాటసారికి త్రోవ చూపకుండుటకంటె ఇది నీచమనెను. ఏలయన ఇచ్చట తెలిసి తెలిసి ఎదుటివానిని పొరపాటులోనికి నడిపించుట కలదు. సిసిరో శిష్యుని పక్షమే వహించెను. తన లాభముకొరకు, ఎదుటివాడు తెలిసికొనగోరు సంగతిని తెలియనీయకుండుటయే దాచుట యని అతని నిర్ణయము.

మన ప్రాచీనులును ఈ చిక్కును ఎరిగినవారే. కొని గాని అమ్మి గాని పశ్చాత్తాపపడినవాడు పదిదినములలో వస్తువును మరలింపవచ్చునని మనుస్మృతి చెప్పుచున్నది. యాజ్ఞవల్క్యుడు ఇంకను సూక్ష్మముగా ఆలోచించి, విత్తనములకు 10 దినములు, బరువులాగు పశువులకు 5 దినములు, ఇనుమునకు 1 దినము పరీక్షాకాలము ఏర్పరచెను. వస్తువు లోపల ఏమున్నదో తెలియుటకు దాని స్వభావమును బట్టి కాలము కావలెనని వారు గుర్తించిరి. రెండు నిమిషములు నడిపి చూపిన యంత్రము ఈ లెక్కలో పరీక్షింపబడినది కాదు.

నేటి చట్టమున 1872 నాటి భారత ఒప్పందముల చట్టము 17వ సెక్షను చక్కని ఉదాహరణములు ఇచ్చుచున్నది. రోగమున్న గుఱ్ఱమును వేలములో అమ్మి, ఆ సంగతి చెప్పక ఊరకున్నచో అది మోసము కాదు. కాని కొనునది అప్పుడే యుక్తవయస్సు వచ్చిన తన కుమార్తె యైనచో, ఆ సంబంధమును బట్టి చెప్పుట తండ్రి విధి యగును. కొనువాడు ‘నీవు కాదనకున్నచో గుఱ్ఱము మంచిదని నమ్ముదును’ అని అన్నచో, అప్పటి మౌనము మాటతో సమానము. ఇక వెల చాలలేదన్న ఒక్క కారణమున ఒప్పందము చెల్లకపోదని 25వ సెక్షను వివరణ చెప్పుచున్నది. అనగా మొదటి బేరములోని రైతుగాని, రెండవ బేరములోని స్త్రీగాని న్యాయస్థానమునకు పోయినను అక్కడ వారి పని సులభము కాదు.

కాని చట్టపు రెండవ ఉదాహరణమును శ్రద్ధగా చదువవలెను. కుమార్తె విషయమున మౌనము తగదని చట్టమే ఒప్పుకొనినది. గుఱ్ఱము అదియే, రోగము అదియే, మౌనము అదియే. భేదము ఒక్కటే, ఎదుటనున్నది ఎవరు అనునది. కావున చట్టము విడిచిపెట్టిన చోట ధర్మము అడుగు ప్రశ్న యిది: ఎదుటివానిని ఎవరుగా భావించుట? శరణుల మార్గమున దీనికి సందేహము లేదు. కులమును, వృత్తిని, సంపదను అడుగక మానవు నెల్లరను తనవారిగా ఎంచుమని బోధించినవాడు బసవేశ్వరుడు. అట్టి భావము పూజామందిరమున ఉండి, బేరమున లేకున్నచో అది ఉన్నదనుట ఎట్లు? పంచాచారములలోని సదాచారము, సన్మార్గమున జీవనము సంపాదించుటనే కోరుచున్నది.

ఇచ్చట బలమైన ఆక్షేపణ కలదు. మెకానిక్కు తన విద్యను ఊరక సంపాదింపలేదు. ఏండ్ల తరబడి చేతులు మసి చేసికొని నేర్చెను. విద్యకు ఫలము ఉండవలదా? తెలిసినదెల్ల ఎదుటివానికి చెప్పివేసినచో వ్యాపారి ఎట్లు బ్రతుకును? ఈ ఆక్షేపణలో సత్యమున్నది. విద్యకు ఫలము కావలసినదే. కాయకమునకు ప్రతిఫలము తగదని శరణులు ఎన్నడును చెప్పలేదు. లాభమునకు కూడ స్థానము కలదు. కౌటిల్యుడు నిర్ణీతమైన వెలపై స్వదేశపు సరకులకు నూటికి 5, పరదేశపు సరకులకు నూటికి 10 లాభము అనుమతించెను. లాభము తప్పని అతడు చెప్పలేదు. లాభమునకు కొలత ఉండవలెనని చెప్పెను.

కావలసినది విద్యాఫలమునకును, ఎదుటివాని అజ్ఞానముపై పండించుకొను పంటకును భేదము తెలియుట. ఆ భేదమును కనుగొనుటకు ఒక సులభమైన పరీక్ష కలదు. తనకు తెలిసినదంతయు ఎదుటివానికి చెప్పిన పిమ్మట కూడ ఆ వెల నిలుచునా? నిలిచినచో అది న్యాయము. చెప్పినంతనే కూలిపోవునదైనచో, ఆ కూలిపోవు భాగమంతయు అపహరణమే.

ఈ పరీక్షను మెకానిక్కు బేరమునకు పెట్టి చూడవచ్చును. విడిభాగములకు 800, తన శ్రమకు 700, విప్పిన పిమ్మట వేరొక లోపము బయటపడునేమో అను భయమునకు 1,500, తన లాభమునకు 2,000 అని అనుకొన్నను, మొత్తము 5,000. పదునైదు వేలలో ఐదు వేలు తీసివేయగా 10,000. ఈ లెక్కను అతడు ఆమె ముందుంచి చెప్పినచో ఆమె కాదనదు. పనికి, జంకుకు, లాభమునకు ఎవరైనను ఇచ్చుదురు. కాని అతడు ఇచ్చెదననినది 3,000. మిగిలిన 7,000 అతని విద్య సంపాదించినది కాదు; ఆమెకు తెలియకపోవుట సంపాదించి పెట్టినది. వైద్యుడు రోగమును గుర్తించినందుకు రుసుము తీసికొనుట ధర్మము. జలుబును చూచి ‘ఇక బ్రదుకవు’ అని చెప్పి, రోగి పొలమును చవుకగా కొనుట ధర్మమని ఎవరందురు?

మొదటి బేరమును కూడ ఇట్లే తూచవలెను. పదునైదు వేలలో మరమ్మతు 6,000 పోగా 9,000. కొనువాడు యంత్రమును పట్టణమునకు మోసికొనిపోవుట, పని ఆగిపోవుట మున్నగు శ్రమకు మరియొక వేయి తగ్గించినచో 8,000. పిస్టను సంగతి చెప్పిన పిమ్మట రైతు ఇచ్చు వెల యిది. పదుమూడు వేలకును దీనికిని గల 5,000 భేదము చల్లని ఇంజను చూపిన రెండు నిమిషముల నాటకమునకు కూలి. ఇచ్చట అమ్మువాడు పేదవాడు కావచ్చును; అతని ఇంట అవసరము ఉండవచ్చును. కాని ఆ అవసరమును తీర్చవలసినవాడు ఏమియు తెలియని ఆ రైతేనా?

అవసరమును గూర్చి ఒక మాట విడిగా చెప్పవలసియున్నది. ఆసుపత్రి ఖర్చుకై తొందరపడువానికి వెల తగ్గించుట, కోతకు వచ్చిన తోట ఎదురుచూచుచుండగా వచ్చినవానికి వెల పెంచుట లోకమున కలవు. అవసరము వస్తువులోని గుణము కాదు. కావున అది వెలలో చేరరాదు. అట్లే దయను కూడ వెలలో కలుపరాదు. గతించినవాని కుటుంబమునకు సాయపడదలచినవాడు మొదట న్యాయమైన వెల యిచ్చి, ఆపైన తోచినది దాసోహభావముతో వేరుగా ఇయ్యవలెను. పదివేలు రావలసినచోట ఐదువేలిచ్చి, అందులో రెండువేలు దయయని చెప్పుకొనువాడు ఆమె సొమ్మును తీసికొని ఆమెనే ఋణగ్రస్తురాలిని చేయుచున్నాడు.

అట్లని బేరమాడుటయే తప్పనుకొనరాదు. ‘ఏడువేలకు ఇచ్చెదవా’ అనుట అబద్ధము కాదు, అది ప్రశ్న. పదివేలు చెప్పి తొమ్మిదివేలకు దిగుదురని ఇద్దరికిని తెలియును. ఇట్టి హెచ్చుతగ్గులు ఒక మర్యాద వంటివి. కాని ఎవరును అడుగకున్నను ‘నిన్ననే ఒకరు పన్నెండువేలకు అడిగిరి’ అనుట అబద్ధము. రొంటిని పైకముంచుకొని ‘ఇంతకు మించి నాయొద్ద లేదు’ అనుట అబద్ధము. మంచి పిస్టనును చూచి ‘ఇంజను పోయినది’ అనుట అన్నింటికంటె పెద్ద అబద్ధము. ఏలయన అది నమ్మి అడిగినవారి నమ్మకమును చంపుచున్నది. ‘దీనికేమైనదయ్యా’ అని ఆమె అడిగిన క్షణమున అతడు కొనువాడుగా మాత్రమే మిగిలిలేడు. ఆమె అతనిని తీర్పరిని చేసినది.

ధనమునకు సంబంధించిన లోపములకు వెల తగ్గించుటతో పరిహారము కలుగును. ప్రాణమునకు సంబంధించిన లోపములకు అట్లు కలుగదు. ఈ యంత్రపు బద్దె కొన మొద్దునకు తగిలినచో యంత్రము ఒక్కసారిగా కోయువాని వైపు ఎగిరివచ్చును. అట్టి సమయమున గొలుసును రెప్పపాటులో ఆపుటకు చైను బ్రేకు అమర్చబడినది. అది పనిచేయదని తెలిసి చెప్పకుండ సగము వెలకే అమ్మినను, అమ్మినవాడు నిర్దోషి కాడు. చవుకగా వచ్చినదని సంతోషించుచు కొనువాడు తన మెడనే పందెము పెట్టుచున్నట్లు ఎరుగడు. బ్రేకు లేదని చెప్పుట ఒక్కటే చాలదు. అది బాగుచేయించినగాని వాడరాదని కూడ చెప్పవలెను.

శరణుల చరిత్రలలో త్రాళ్లు పేనుకొని జీవించిన నులియ చందయ్య కథ ప్రసిద్ధము. అతని త్రాటిని బసవేశ్వరుడు మామూలు వెలకన్న ఎన్నో రెట్లు హెచ్చు ధనమిచ్చి కొనగా, అది తన కాయకమునకు తగిన ఫలము కాదని చందయ్య తిరిగి ఇచ్చివేయుమనెనని చెప్పుదురు. ఇచ్చినవాడు ఇష్టపడియే యిచ్చెను, మోసము లేదు. అయినను త్రాటికి ఒక కొలత కలదని, దానిని మించినది తనది కాదని అతడు భావించెను. రాలిన బియ్యపు గింజలు ఏరుకొని బ్రతికిన ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అవసరమునకు మించి తేగా, భార్య లక్కమ్మ వానిని తిరిగి పంపివేసిన కథయు ఇట్టిదే. ఇద్దరు ఒప్పుకొన్నదే న్యాయమను వాదమునకు ఈ కథలలో సమాధానము కలదు. ఒప్పుదల అవసరమే; కాని అది చాలదు.

ఇది కొద్దిమంది మహనీయులకే సాధ్యమగు నియమమని, సామాన్య వ్యాపారి దీనివలన నష్టపోవునని కొందరందురు. లోకానుభవము వేరుగా నున్నది. అమెరికా ఆర్థికవేత్త జార్జి అకర్లాఫ్ 1970లో వాడిన కార్ల వ్యాపారమును పరిశీలించుచు ఒక సత్యము నిరూపించెను. లోపము అమ్మువానికి మాత్రమే తెలిసిన చోట, కొనువారు భయపడి అన్నింటికిని తక్కువ వెలయే ఇత్తురు. ఆ వెలకు మంచి బండి కలవారు అమ్మక ఇంటనే ఉంచుకొందురు. క్రమముగా సంతలో చెడ్డ బండ్లే మిగులును. ఈ విధమగు పరిశోధనలకే అతనికి 2001లో నోబెలు బహుమానము లభించినది. అనగా ఒకరు దాచిన లోపమునకు, మంచి యంత్రము కలిగి నిజము పలుకు మరియొకడు వెల చెల్లించుచున్నాడు. అమ్మబోతే అడవి యగుటకు కారణములలో ఇదియు ఒకటి.

ఇద్దరికిని నిజము తెలియని సందర్భములు కూడ కలవు. లేవని యంత్రము లోపల ఏమున్నదో అమ్మువాడును ఎరుగడు, కొనువాడును ఎరుగడు. అప్పుడు చేయదగినది తెలియనట్లు ఒప్పుకొనుట. ఇద్దరును కలిసి మూడవవాడగు మెకానిక్కునొద్దకు పోయి, విప్పి చూచినందుకు చెరిసగము కూలి యిచ్చి, అతడు చెప్పిన ఖర్చును బట్టి వెల కుదుర్చుకొనవచ్చును. లేదా బయానా ఇచ్చి, ఒక దినము మొద్దులు కోసి, ఇంజను వేడెక్కిన పిమ్మట మరల లేచునేమో చూచి మిగిలినది ఇచ్చునట్లు మాటాడుకొనవచ్చును. ఇంత చేసిన పిమ్మట కూడ లోపము బయటపడినచో అది ఎవరి తప్పును కాదు. తెలియని లోపము నష్టము మాత్రమే. తెలిసి దాచినదే దోషము.

ఈ నియమము రంపమునకే కాదు. పాత మోటారుకు, పాడియావుకు, కుట్టుమిషనుకు, ఇంటికి, చేనుకు వర్తించును. బేరమునకు కూర్చున్నవాడు తనకు తెలిసినది చెప్పి, ఆపైన ఎంత గట్టిగనైనను బేరమాడవచ్చును. అట్లు కుదిరిన వెల ఒక వేయి అటైనను ఇటైనను న్యాయమునకు భంగము లేదు. మరునాడు ఆ యంత్రము పనిచేయుచున్నపుడో, ఆగిపోయినపుడో, కొన్నవాడును అమ్మినవాడును వీధిలో ఎదురుపడుదురు. అప్పుడు ఇద్దరిలో ఎవరును తల త్రిప్పుకొనక పలుకరించుకొనగలిగినచో ఆ వెల న్యాయమైనదే.